ఉస్తాద్ గారి ముందుపన్ను

"వెనీర్ వేయమంటారా, క్రౌన్ వేయమంటారా?" అని అడిగింది డాక్టర్ మహ్‌నూష్.

కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నది ఉస్తాద్ హష్మతుల్లా. డెబ్బయ్యొక్కేళ్ల మనిషి. ఇరాన్‌లోని మా ఇస్ఫహాన్‌లో వేణువు అంటే ఆయన పేరే చెబుతారు. మొన్న రోడ్డు దాటుతుంటే వెనకనుంచి మోటారుసైకిల్ తగిలి బోర్లా పడ్డాడు. పైవరస ముందుపన్ను మీద పెచ్చు ఊడింది. పదిసార్లు హారన్ కొట్టాను, ఆయనేదో రాగంలో మునిగి నడుస్తున్నాడు అని బండివాడు ఒట్లు పెట్టాడు. మా ఊళ్లో ఆ మాట నమ్మనివాళ్లు లేరు.

ఉస్తాద్ లేచి కూర్చున్నాడు.

"ఆ మాస్క్ తీసి చెప్పండి డాక్టరమ్మా. ఇంత చక్కటి మొహం దాచుకుని మాట్లాడితే ముసలాడి బుర్రకేం ఎక్కుతుంది?"

"నాన్నా! పరువు తీయకు" అంది పక్కనే ఉన్న కూతురు తూరాన్.

డాక్టర్ నవ్వేసి మాస్క్ కిందికి లాగింది.

"వెనీర్ అంటే గోరంత పల్చటి పెంకు. పన్నుకి ముందువైపు మాత్రం అతికిస్తాను. వెనకవైపు, అంచులు మీవి మీకే ఉంటాయి. క్రౌన్ అయితే పన్ను చుట్టూ అరగదీసి, మొత్తం మీద క్యాప్ తొడగాలి. వెనీర్ ఊడితే ఊడొచ్చు. క్రౌన్ మాత్రం కడదాకా మీతోనే ఉంటుంది."

"కడదాకా అంటే? సమాధిలోకి కూడానా?"

"అయ్యో, అవేం మాటలు ఉస్తాద్! నూరేళ్లు బతకాలి మీరు."

"క్రౌనే వేసెయ్యండి డాక్టర్" అంది తూరాన్. "రేపు ఇంకోటేదో ఊడితే మళ్లీ సెలవు పెట్టి తీసుకురావాల్సింది నేనేగా."

ఉస్తాద్ పెదవి పైకెత్తి వేలితో చూపించాడు. రెండు ముందుపళ్ల మధ్య, లోపలి అంచున, సన్నటి గాడి ఉంది. మా వేణువును పెదవితో ఊదరు. ఆ రెండు పళ్ల సందున ఇరికించి, నాలుకతో గాలిని తిప్పి ఊదుతారు. వేణువు కొసనున్న ఇత్తడి పట్టీ యాభైరెండేళ్లు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గాడి అది.

"దీన్ని ముట్టుకోవద్దు తల్లీ. ఇది పోతే వేణువు పోయినట్టే. అది కూడా పోయాక నేనుండి ఏం చేయను?"

తూరాన్ విసుక్కుంది. మూడేళ్ల కిందట శిష్యులందరినీ పంపేశాడు. కచేరీలు మానేశాడు. ఎంతమంది బతిమాలినా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం తలుపేసుకుని ఒక్కడే ఊదుకుంటాడు. ఎవరికీ వినిపించని పాటకు ఇంత రాద్ధాంతం ఎందుకో ఆమెకు అర్థం కాదు. కానీ తండ్రి కళ్లలో భయం చూసి ఊరుకుంది. సరే, వెనీరే అనుకున్నారు.

తూరాన్‌ను బయట కూర్చోమన్నారు. డాక్టర్ మాస్క్ వేసుకుని ఇంజెక్షన్ ఇచ్చింది. పెదవి, నాలుక మొద్దుబారాయి. వంగి అద్దంలో చూసిన డాక్టర్ ఆగిపోయింది. పన్ను చీలి, ఆ చీలిక వెనకదాకా పాకి ఉంది.

"ఉస్తాద్, వెనీర్ నిలవదు. క్రౌన్ తప్పేట్టు లేదు. గాడి పోతుంది. చేయమంటారా, ఆపేయమంటారా?"

ఉస్తాద్ ఆమె కళ్లలోకి చూశాడు. చెయ్యి గుండెకు ఆనించుకున్నాడు.

"మీ దయ డాక్టరమ్మా. మీ చేతిలో పెట్టాను."

మా ఊళ్లో మొదటిసారి అన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టీ ఇచ్చినా, పిల్లనిచ్చినా మూడుసార్లు అడగాలి. డాక్టర్ కూడా ఇక్కడ పుట్టిన పిల్లే. మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. మూడోసారి అడిగింది.

"మీ ఇష్టమే నా ఇష్టం" అన్నాడు ఉస్తాద్.

మూడుసార్లు అన్నాక అది మర్యాద కాదు, ఒప్పందం. ఆమె యంత్రం అందుకుంది. పంటికి ఆనగానే ఎవరైనా ముడుచుకుపోతారు. ఉస్తాద్ మాత్రం కళ్లు మూసుకుని చిన్నగా నవ్వాడు.

అరగదీయడం అయ్యాక తాత్కాలికంగా ఒక క్యాప్ అతికించి చేతికి అద్దం ఇచ్చింది. అద్దంలో తెల్లటి పన్ను కనిపించింది. మొద్దుబారిన నాలుకకు ఇంకేమీ తెలియలేదు. "మీ చేతులు చల్లగా ఉండాలి" అని దీవించి ఇంటికెళ్లాడు.

మధ్యాహ్నానికి తిమ్మిరి వదిలింది. వేణువు తీసి పళ్ల సందున పెట్టాడు. జారిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. నాలుకతో తడిమాడు. పన్ను చుట్టూ నున్నగా ఉంది. వేణువు ఒళ్లో పెట్టుకుని, తూరాన్ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు మళ్లీ అదే కుర్చీ. డాక్టర్ మాస్క్ తీసేసి, కన్నీళ్లు పెట్టుకుంది.

"మూడుసార్లు అడిగాను ఉస్తాద్. గాడి పోతుందని కూడా చెప్పాను."

"వద్దనడానికి నోరు రాలేదా నాన్నా? అప్పుడు కూడా మర్యాదేనా?" అంది తూరాన్.

ఉస్తాద్ ఇద్దరి మొహాలూ చూశాడు. కోపం లేదు, ఏడుపు లేదు.

"మళ్లీ వస్తుందా ఆ గాడి?" అని మాత్రం అడిగాడు.

"రాదు. కానీ దిగులుపడకండి. పన్నుదేముంది, అంత గొప్ప చెవి ఉంది మీకు. ఆర్నెల్లలో కొత్త పట్టు అదే దొరుకుతుంది" అని డాక్టర్ ఆయన చెయ్యి పట్టుకుంది.

మూడేళ్ల కిందటే రెండు చెవులూ పూర్తిగా మూసుకుపోయి, కన్నకూతురికి కూడా తెలియనివ్వకుండా ఎదుటివాళ్ల పెదవులు చూసి మాటలు పోల్చుకుంటున్న ఉస్తాద్‌కు, ఆ పంటిలోంచి ఎముకలోకి ఎక్కే వేణువు ఒక్కటే ఈ లోకంలో వినబడుతూ ఉండేది.