కాలనీ గోడ

“శోభా, గడ్డపార ఉందా? ఈ గోడ పగలగొట్టాలమ్మా!”

గోడ అవతలి నుంచి అరుస్తున్నది కాలనీ ప్రెసిడెంటు విశ్వనాథం. తుక్కుగూడ బస్తీవాళ్ళు తమ కాలనీ గుండా నడవకుండా ఆ గోడ కట్టించింది ఆయనే. అప్పటినుంచి బస్తీలో ఉండే శోభ చుట్టూ తిరిగి కాలనీలో ఇళ్ళ పనికి పోతోంది.

తుఫాను వానకు కాలనీలో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. విమానాలే దిగలేక వెనక్కి పోతున్నాయి, ఇక అంబులెన్సు ఎక్కడొస్తుంది? మిట్ట మీదున్న బస్తీ ఒక్కటే మునగలేదు.

“మా అమ్మకు ఊపిరాడటం లేదు.”

“జర పక్కకు జరుగుర్రి సారూ!”

శోభ, ఆమె భర్త లక్ష్మణ్ కలిసి గోడకు కంత పెట్టారు. ముసలమ్మను మంచంతో సహా మోసుకొచ్చి, ఆటోలో దవాఖానకు చేర్చారు. ప్రాణం నిలిచింది.

“ఇక ఆ గోడ అలా ఉండదమ్మా,” విశ్వనాథం చేతులు జోడించాడు.

మాట నిలబెట్టుకున్నాడు. నీళ్ళు తీయగానే కంత ఉన్నచోట ఇనుప తలుపు పెట్టించాడు.

“సూసినవా, సారు మారిండు!” శోభ మురిసిపోతూ తలుపు తోసింది. కదల్లేదు.

లక్ష్మణ్ సందులోంచి తొంగి చూశాడు.

“గడియ అవుతల ఉన్నదే. ఇగ మళ్ల తుఫానొస్తెనే తీస్తరు.”