చేపల పండుగలో మూర్తిగారు

"కొంగు కాస్త దించండి, ఊపిరాడక పడిపోతారు," అంది సుందరమ్మ టీచరు.

"దించితే ఎవరైనా గుర్తుపడతారండీ. వేదం చెప్పుకునే ఇంటి కోడలు చేపల పండక్కొచ్చిందని రేపీపాటికి అమలాపురమంతా తెలిసిపోతుంది," అంటూ లక్ష్మీకాంతం కొంగు ముక్కు మీదికి ఇంకాస్త లాక్కుంది.

ఎనభై మూడో సంవత్సరం, శ్రావణమాసం. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఊరి బయట ఖాళీ జాగాలో తాటాకు పాకలు వేసి, మైకు కట్టి, దానికి చేపల పండుగని పేరు పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక చేపని చూడనట్టు జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు.

లక్ష్మీకాంతం వచ్చింది మొగుణ్ణి పట్టుకోవడానికి. శ్రీరామచంద్రమూర్తిగారు ఇంట్లో ఉల్లిపొట్టు కనిపిస్తే వంటిల్లంతా కడిగించే మనిషి. ప్రతి ఆదివారం పలివెల వెళ్ళి కొప్పులింగేశ్వరుణ్ణి చూసొస్తానని పొద్దున్నే బస్సెక్కుతారు. సాయంత్రం నోటినిండా తాంబూలంతో దిగుతారు. దేవుణ్ణి చూసినవాడికి అంత తాంబూలం ఎందుకో ఆవిడకి చాన్నాళ్ళు అర్థం కాలేదు. మొన్న పాలు పోసే బుచ్చమ్మ, "అయ్యగారు చేపల బజార్లో కనబడ్డారమ్మా" అని నోరు జారింది.

ఆయన లేని ఆదివారాలు ఆవిడ సుందరమ్మ ఇంటికెళ్ళి ఊలు అల్లిక నేర్చుకుంటుంది. సుందరమ్మ ఒంటరి మనిషి. చర్చి నుంచి వచ్చేసరికి ఈవిడ గుమ్మంలో ఉంటుంది. మూడేళ్ళయినా స్వెట్టరుకి రెండో చెయ్యి రాలేదు. కోనసీమ ఉక్కలో ఆ స్వెట్టరెవరికని మూర్తిగారూ అడగలేదు. ఆయన బస్సు తొందర ఆయనది.

"ఇవాళ దొరికితే చాలండీ," అంది లక్ష్మీకాంతం. "ఇక జన్మలో నా ముందు ఆచారం మాటెత్తలేరు. నా వంటిల్లు, నా ఇష్టం."

"దొరక్కపోతే?"

"పన్నెండేళ్ళు పడ్డాను. చచ్చేదాకా పడతాను."

"ఎందుకొచ్చిన గొడవండీ, ఉన్నది ఉన్నట్టు సాగిపోతోంది కదా!" అని సుందరమ్మ గొణిగింది.

లక్ష్మీకాంతం వినిపించుకోలేదు. మొదటి పాక దగ్గరే మొహం చిట్లించింది.

"చూసేరా, ఆ రొయ్యల్ని బొగ్గు చేసేడు! తినేవాళ్ళకి సిగ్గు లేకపోతే వండేవాడికైనా ఉండొద్దూ?"

పక్క పాకలో మూకుడు చూసి, "అది పులుసా, కాలవ నీళ్ళా? దీనికి టిక్కెట్టోటి!" అంది. పీతల దగ్గర "ఛీ" అని ఊరుకుంది.

చేపలమ్మే సత్తెమ్మ ఎదురొచ్చింది. "టీచరుగారండీ! ఆదివారం ఆదివారం అంతంత చేప పట్టుకెళ్తారు, ఇయ్యాల ఒట్టి చేతులేనాండి?"

"ఇవాళ పనుందిలే, సత్తెమ్మా," అని సుందరమ్మ లక్ష్మీకాంతం చెయ్యి పట్టుకుని గబగబా లాక్కుపోయింది.

మైకులో పులస పాక బాబూరావు గొంతు చించుకుంటున్నాడు. "రండి బాబూ రండి! సముద్రంలో ఉంటే ఇలస, గోదారికి ఎదురీదితే పులస! మా పాకలో అసలు పులసేనండి! నోట్లో పెట్టుకుంటే ఎవరైనా చెప్తారు. వాసన చూసి చెప్పాలంటే మాత్రం ఏళ్ళ తరబడి తిన్న ముక్కు కావాలండి, ఆయ్!"

ఆ పాకలోనే, మూల బల్ల దగ్గర, తడికవైపు తిరిగి కూర్చుని ఉన్నారు మూర్తిగారు. జంధ్యం కనబడకుండా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నారు. నుదుటి మీద విభూతి సంగతి మరిచిపోయారు. అరిటాకులో చేపముక్క పెట్టుకుని, ఇంట్లో జపానికి కూడా చూపించనంత శ్రద్ధతో ముల్లు తీస్తున్నారు.

"పలివెల నుంచి ఎప్పుడొచ్చేరండీ?"

ముక్క ఆకులోకి జారిపోయింది.

"కాంతం! నువ్వా... ఎవరో బలవంతం చేసేరే... ఇదే మొదటిసారి, నీ మీదొట్టు!"

"శ్రావణమాసమండీ."

"తప్పయిపోయింది. నాన్నగారికి తెలిస్తే గడప తొక్కనివ్వరు. రేపట్నుంచి వంటింట్లో నీ ఇష్టం. ఉల్లి, వెల్లుల్లి, ఏం కావాలంటే అవి తెచ్చి పడేస్తాను. ఈ ఒక్కసారికీ..."

పన్నెండేళ్ళ ఆచారం పులుసు కారుతున్న చేత్తో దణ్ణం పెట్టింది. లక్ష్మీకాంతానికి జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇన్ని అబద్ధాలాడి, ఇంత దొంగచాటుగా వచ్చి, ఈ మనిషి మూటగట్టుకున్న సుఖం ఇదా!

"పదండి, ఇక పదండి," అని సుందరమ్మ వెనక నుంచి చీర లాగుతోంది.

లక్ష్మీకాంతం కదల్లేదు. ముక్కు మీది కొంగు తీసేసింది. ఆకు మీదికి వంగి, ఒకసారి గట్టిగా గాలి పీల్చింది.

"మిమ్మల్ని మోసం చేసేరండీ, ఇది ఇలస."