టిక్కుమనే దాకా

“పెద్దాయన దీనికి ఒప్పుకున్నాడంటే నమ్మలేకపోతున్నానబ్బా!” అన్నాడు వెల్డరు, తాను అతికించిన పొగగొట్టాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో వంగి చూస్తూ.

అల్లుడు నవ్వాడు. మామగారి ముప్పై ఏళ్ల నాటి కారు బానెట్ కింద తల దూర్చి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు వైర్ల ప్లగ్గులు తగిలిస్తున్నాడతను. రెండు అయ్యాయి. మూడోది చేతిలో ఉంది.

“ఒప్పుకోవడమేంటన్నా, ఆయనే అడిగారు! కార్బురేటర్ పీకేసి కంప్యూటర్ ఇంజెక్షన్ పెట్టెయ్యమన్నారు. పనిలో పనిగా టర్బో కూడా బిగిస్తానంటే సరేనన్నారు.”

“చెవి మేస్త్రేనా! స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బేంటో చెప్పేసే మనిషి కదయ్యా!”

అల్లుడికి చురుక్కుమంది. కార్ల వైరింగులో తనకు పదేళ్ల అనుభవం. అయినా ఏ షెడ్డుకెళ్లినా ‘చెవి మేస్త్రి అల్లుడు’ అనే తప్ప ఇంకో గుర్తింపు లేదు.

“ఆ చెవికి కాలం చెల్లిందన్నా!” అన్నాడు మూడో ప్లగ్గు నొక్కుతూ. “ఇక వినడం, సర్దడం అంతా కంప్యూటరే. ఆ ముసలి చెవి కళ్లజోడు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.”

వెల్డరు నవ్వలేదు. కళ్లతో అల్లుడి వెనక్కి సైగ చేశాడు.

షెడ్డు గుమ్మంలో మామగారు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. ఆయన లోపలికొచ్చి, గ్లాసులు బల్ల మీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయారు.

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఆరేళ్ల క్రితం పని పోయి రోడ్డున పడితే, ఇదే షెడ్డులో సగం ఖాళీ చేసి “నీ పని నువ్వు చేసుకో” అన్న మనిషి ఆయన. ఆ నోట ఒక్క ‘భేష్’ వినాలని ఆరేళ్లుగా కాచుకుని కూర్చున్నాడు. అలాంటి మనిషిని, ఆయన షెడ్డులోనే నిలబడి, ఆయన తెచ్చిన టీ ముందు... ఛీ, ఏం నోరు ఇది!

నాలుగు రోజులు మొహం తప్పించుకు తిరిగాడు. ఆయన అన్నానికి కూర్చుంటే ఇతను స్నానానికి వెళ్లేవాడు.

“ఏమైందండీ మీ ఇద్దరికీ?” అంది భార్య.

“ఏం లేదు.”

“ఏం లేకపోవడమేంటి! మీరు దాక్కుంటారు. ఆయనేమో పిలిస్తే పలకడు. ఫోన్ వస్తే నా చేతికిచ్చి నువ్వే మాట్లాడంటాడు. ఏదైనా చెప్పాలంటే ఎదురొచ్చి, మొహం చూసి చెప్పాలట! పెద్దరికం మరీ ఎక్కువైపోయింది నాన్నకి.”

ఆమె విసుక్కుంటుంటే, ఇతను నేల చూపులు చూశాడు.

ఆదివారం పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అంటుకుంది గానీ, జ్వరమొచ్చినట్టు వణకడం మొదలెట్టింది. పెట్రోలు చాలట్లేదంది కంప్యూటర్. పెంచాడు. నల్లటి పొగ కక్కింది. ఇంకా చాలదంది. ఇంకా పెంచాడు. పొగకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు.

మామగారు మూలన అటు తిరిగి, పాత కార్బురేటర్‌ని గుడ్డతో తుడుచుకుంటున్నారు. దాన్ని పారెయ్యనివ్వలేదాయన.

“మావయ్యగారూ!”

పలకలేదు.

“మావయ్యగారూ... ఒక్కసారి చూస్తారా?”

తల కూడా తిప్పలేదు. మూడోసారి పిలవలేదితను. అంత మాటన్నాక ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

చివరికి పొగ వాసనకే ఆయన ముక్కు ఎగబీల్చి వెనక్కి తిరిగారు. లేచొచ్చి, మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆన్చి, కళ్లు మూసుకున్నారు. తర్వాత చెంబెడు నీళ్లు తెచ్చి, ఇంజిన్ నుంచి బయటికొచ్చే నాలుగు పొగగొట్టాల మీదా వేళ్లతో చిలకరించారు. మూడింటి మీద నీళ్లు పడీపడగానే ఆవిరైపోయాయి. ఒకదాని మీద మాత్రం నింపాదిగా కిందికి జారాయి.

“మూడోది మండట్లేదు” అన్నారు.

అల్లుడు ఇంజిన్ ఆపి, మూడో ప్లగ్గు పట్టుకున్నాడు. ఊడి చేతికొచ్చింది. టిక్కుమనే దాకా నొక్కాలి దాన్ని. నలుగురికీ తను నేర్పే పాఠమే అది. ఆ టిక్కు వినకుండా ఆ నిమిషంలో తన నోరు ఏం వాగుతోందో గుర్తొచ్చి, చెవుల దాకా వేడెక్కిపోయింది.

గట్టిగా నొక్కాడు. టిక్కుమంది. పెంచిన పెట్రోలు మళ్లీ తగ్గించి స్టార్ట్ చేశాడు. వణుకు లేదు, పొగ లేదు. యాక్సిలరేటర్ తొక్కితే టర్బో ఈలేసింది.

మామగారు మళ్లీ మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి, కాసేపుండి, నవ్వారు.

“భేష్!”

ఆరేళ్లు ఎదురుచూసిన మాట. అది వినగానే అతనికి ఏడుపొచ్చేసింది. ఇంజిన్ ఆపి, దిగొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“నన్ను తిట్టండి మావయ్యగారూ. ఆ రోజు నేనన్న మాట...”

“ఏ మాట? మెల్లిగా చెప్పు” అన్నారాయన, ఇతని పెదవులవైపు చూస్తూ.

ఇది శిక్షే అనుకున్నాడు. పడాల్సిందే అనుకున్నాడు. ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు. “మీ చెవికి... కాలం చెల్లిందన్నాను. కళ్లజోడుకి తప్ప... ఎందుకూ పనికిరాదన్నాను.”

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. కార్బురేటర్ వైపు చూశారు. అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు.

“చెవులు వినపడుతుంటే, దాని మీద నిన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాణ్ణా అల్లుడూ?”