పేరు చెప్పని చప్పుడు

ఎవరో తలుపు కొట్టారు, పేరు మాత్రం చెప్పలేదు.

ల్యాబ్‌లో అందరూ పని ఆపేశారు. మనవాళ్ళయితే పేరు చెప్పి కొడతారు. చెప్పాపెట్టకుండా వచ్చిన విచారణాధికారులు "నిద్రమొహం" అని అందరూ పిలిచే కుర్రాణ్ణి తీసుకెళ్ళాక పెట్టుకున్న పద్ధతి అది.

"తియ్యనా అక్కా?" కొత్తమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"ఆగు." సీనియర్ తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆ అధికారులు వచ్చిన రోజు "రండి సార్" అని తలుపు తీసి, నిద్రమొహం బల్ల చూపించింది తనే. ఇలాంటప్పుడు అనమని తర్వాత యూనివర్సిటీ నేర్పిన మాటలు ఇప్పుడు అప్పజెప్పింది.

"మీరు ఏ ఆఫీసు? కోర్టు ఆర్డరు ఉందా? ఉంటే తలుపు కిందనుంచి పంపండి. మా లాయరు వచ్చేదాకా బయటే కూర్చోండి."

బయటనుంచి తెలిసిన గొంతు వినిపించింది.

"నేనేనక్కా. వదిలేశారు."

కొత్తమ్మాయి గబగబా గడియ తీసింది. నిద్రమొహం చిక్కిపోయి ఉన్నాడు.

"పేరు చెప్పి కొట్టొచ్చుగా సన్నాసీ! ప్రాణం పోయిందనుకో," అంది సీనియర్.

"అలా కొట్టాలని నాకేం తెలుసు?"

"సరే, లోపలికి రా."

అతను గడప దాటలేదు.

"నా దగ్గర ఆర్డరు లేదక్కా," అని నవ్వాడు. "ఆ రోజు వాళ్ళ దగ్గర కూడా లేదు."