వినపడలేదు, మళ్ళీ చెప్పు

నా చదువు సంతకం వరకే. చెవుల్ని మిల్లులో మరలు సగం తినేశాయి. మా అమ్మాయి వాతావరణ ఉపగ్రహానికి యంత్రం కడుతుంది. అది ఆకాశంలో ఒకేచోట నిలబడి మేఘం లోపలి వేడిని వినాలట. ఆ యంత్రం సొంత రొదే ఎక్కువట. అందుకని అదే మేఘాన్ని మళ్ళీ మళ్ళీ విని కలుపుతారట. రొద అరిగిపోయి మేఘం మాట మిగులుతుందట. ఇది నాకు ఒక్కసారికే బుర్రకెక్కింది.

నిన్న సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలో కూలబడింది.

"మా పని ఆపేశారు నాన్నా," అంది వెక్కుతూ.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."

"పని ఆపేశారు!"

"పనిమనిషి మానేసిందా?"

"మనకి పనిమనిషి ఎప్పుడుంది? యంత్రం! ఇన్నేళ్ళ చాకిరీ! ఆపేశారు!"

"గొణక్కు. మళ్ళీ చెప్పు."

"నీ చెవులకో దణ్ణం!" ముక్కు తుడుచుకుంది. "రొద తగ్గలేదని ఆపేశారు."

"ఆఁ?"

ఈసారి వెక్కిళ్ళు లేవు. గొంతు అలిసిపోయింది కానీ, మాట తేటగా ఉంది.

"ఆపేశారు. ఇంకో ఏడాది ఇమ్మని రేపు వెళ్ళి అడుగుతాను."

"అలా చెప్పు," అన్నాను.

నాకు మొదటిసారే వినపడింది.