కాగితం మీద లెక్కల సారు

"ఎవరు పంపిన్రు మిమ్ముల?"

హెడ్మిస్ట్రెస్ సుకన్య గొంతు కొంచెం గట్టిగానే లేచింది.

బల్లకు అవతల ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. మాసిన పంచె, మోచేతి దగ్గర కుట్లు పడిన చొక్కా.

"ఎవలు పంపలే తల్లీ, నేనే వచ్చిన. కాశిబుగ్గల ఉంట. ఈ బడిల లెక్కలు జెప్పేటోళ్లు లేరని మీరొక్క మాట రాసి సంతకం పెట్టియ్యున్రి. పెద్దాఫీసుల నేను ఇచ్చుకుంట."

ఎవరైనా వింటున్నారేమోనని సుకన్య తలుపు వైపు చూసింది.

ఆ మాట రాయడమంటే మాటలా! లెక్కల సారు సుదర్శన్ రెండేళ్లుగా ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసులో కొలువున్నాడు. అక్కడ ఫోన్లు ఎత్తుతాడు. శిలాఫలకాల మీద ఎవరి పేరు ముందుండాలో, ఎవరిది వెనకుండాలో చూస్తాడు. బడి రిజిస్టరులో మాత్రం ఆయన పేరు ఎదురుగా రోజూ ఆన్ డ్యూటీ అన్నట్టు 'ఓడీ' అని పడుతుంది. కాగితం మీద సారు ఉన్నట్టే కాబట్టి ఆ స్థానంలోకి ఇంకొకరిని ఇవ్వరు.

పదో తరగతిలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. జనవరి వచ్చినా సగం పుస్తకం తెరవనే లేదు.

అంతకు ముందున్న హెడ్మాస్టరు ఈ సంగతి పైకి రాశాడు. వారం తిరక్కుండా ఆయన్ను జిల్లా కొసకు తోలేశారు. ఆ కుర్చీలోకే సుకన్య వచ్చింది. తన నోరు ఎంత గట్టిదో చూద్దామని ఎమ్మెల్యే మనుషులే ఈ ముసలాయన్ను పంపి ఉంటారని ఆమె అనుమానం.

"మా బడిల అన్ని మంచిగనే ఉన్నయి. లెక్కల సారు ఉన్నడు" అంది.

"ఏడున్నడు తల్లీ?"

"లీవుల ఉన్నడు."

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధమని ఆయనకు తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. సిగ్గేసింది. అయినా ఫైలు తెరిచి చదువుతున్నట్టు కూర్చుంది.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చాడు.

"కిటికీలకెళ్లి చూసిన బిడ్డా. పిల్లలు గైడు ముంగటేసుకొని లెక్కలు నోటుబుక్కుల ఎక్కిస్తాండ్లు. సమజ్ కాంది పరీక్షల ఏం రాస్తరు?"

"మీ పిల్లలెవరన్న ఉన్నరా అండ్ల?"

"లేరు."

"మరి మీకెందుకు ఇంత ఫికర్?"

ముసలాయన తరగతి గది వైపు చూశాడు.

"పానం ఊకుంటలేదు బిడ్డా" అన్నాడు.

సుకన్య అనుమానం ఇంకా ముదిరింది.

మూడోసారి ఫిబ్రవరి నడుమ వచ్చాడు. ఈసారి ఆమె గదిలోకి కూడా రానివ్వలేదు. మేడం బిజీగా ఉన్నారని చెప్పమని అటెండరు యాకయ్యను పంపింది.

"పరీక్షలకు ఇంక నెల దినాలున్నయని చెప్పు బిడ్డా. ఇప్పుడన్న సంతకం పెడితే అక్కెరకస్తది" అంటున్న మాట కిటికీలోంచి వినబడింది. తర్వాత దగ్గు వినబడింది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా గేటు పట్టుకుని నిలబడి, వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రాలేదు.

ఫలితాలు వచ్చాయి. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై ఒక్కరు లెక్కల్లో పోయారు.

సమీక్షా సమావేశంలో ఎమ్మెల్యే మైకు పట్టుకున్నాడు.

"సర్కారు బడి సార్లకు జీతాలు గావాలె, పని మాత్రం వద్దు! ఈ బడి మా ఇజ్జత్ తీసింది!"

సభ చప్పట్లు కొట్టింది. ఆయన వెనకాల రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని సుదర్శన్ నిలబడి ఉన్నాడు.

మర్నాడు మార్కుల మెమో కోసం శ్రావణి వచ్చింది. తరగతిలో అన్నింటా ముందుండే పిల్ల.

"లెక్కలొక్కటే పోయినయి మేడం. జర సమజయ్యేటట్టు చెప్పేటోళ్లుంటే నేను పాసవుదును" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

పిల్ల వెళ్లాక సుకన్య తలుపు వేసుకుని ఏడ్చింది. కొలువు పోతే పోనీ అనుకుని తెల్ల కాగితం తీసింది. లెక్కలు చెప్పేవారు రెండేళ్లుగా బడికి రావడం లేదని నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టింది.

"యాకయ్యా, అప్పుడు వచ్చిన ఆ తాత ఇల్లెక్కడనో తెలుసా?"

"పేరన్న అడగకపోతిమి మేడం."

ఆ వారమే కబురొచ్చింది. సుదర్శన్ తండ్రి పోయాడట. ఆ ఇంటి గడప తొక్కాలని సుకన్యకు లేదు. కానీ స్టాఫంతా పరామర్శకు బయలుదేరితే హెడ్మిస్ట్రెస్ ఆగితే బాగుండదు. ఇల్లు కాశిబుగ్గలోనే. పనిలో పనిగా ఆ ముసలాయన గురించీ వాకబు చేయొచ్చని కాగితం సంచిలో పెట్టుకుని వెళ్లింది.

వాకిట్లో ఎమ్మెల్యే బొమ్మతో సంతాపం ఫ్లెక్సీ కట్టి ఉంది. సుదర్శన్ గుండుతో ఓ మూల తల వంచుకుని కూర్చున్నాడు. అతని తల్లి కట్టమ్మ సుకన్య చెయ్యి పట్టుకుంది.

"ఏడాది సంది కొడుకు సంపాదించిన బువ్వ ముట్టలే మేడం. పిల్లలకు పాఠం జెప్పని జీతం నాకద్దన్నడు. గింత ముసలితనంల మల్ల మగ్గంల కూసున్నడు. దమ్మొచ్చి, అండ్లనే పాయె."

సుకన్య పూలు తీసుకుని ఫొటో ముందు వంగింది.

దండ మధ్యలోంచి చూస్తున్నది ఆ ముసలాయనే. మూడుసార్లు బడికొచ్చి ఆయన అడుక్కున్నది తన కన్నకొడుకు మీద ఫిర్యాదు.