వేళకు తిరిగే డబ్బా

“మీ ఆకలి ఇక నా పూచీ. రోజూ రెండు పూటలా మేత రాలుస్తాను.”

ఇంటివాళ్ళు ఊరికి వెళ్తూ అక్వేరియం అంచుకు బిగించిన మేత డబ్బా చేపలకిచ్చిన మాట అది. మొదటిరోజు మేత రాలింది. తర్వాత నీటి చెమ్మకు లోపలి మేత ముద్దకట్టి డబ్బా మూతి పూడుకుపోయింది. అయినా డబ్బా వేళకు కిర్రుమని తిరుగుతూనే ఉంది. చప్పుడైనప్పుడల్లా చేపలు పైకెగసి, నోళ్ళు తెరిచి, ఉత్త నీళ్ళు మింగి దిగుతున్నాయి. వాటిలో గప్పీ అనే బుల్లి చేపకు ఒక చెల్లెలు; అది లేచే ఓపిక లేక గులకరాళ్ళ మీద ఒరిగిపోయింది.

గప్పీకి ఒళ్ళు మండింది. “మేతేదీ?” అని అరిచింది.

“వేళకు తిరిగానా, లేదా?” అంది డబ్బా.

గోల్డ్‌ఫిష్ పెద్దమ్మ గప్పీ తోక కరిచి వెనక్కి లాగింది. “ఊరుకోరా! దానికి కోపమొస్తే ఆ తిరగడం కూడా మానేస్తుంది.”

“తిరిగితే కడుపు నిండుతుందా పెద్దమ్మా? మేత మన హక్కు, దాని దయ కాదు!”

“మే ఇరవైకి ఇంటివాళ్ళొస్తారు. వాళ్ళకు చెప్పుకో,” అంటూ డబ్బా మళ్ళీ కిర్రుమంది. అడుగున చెల్లెలు ఆ చప్పుడుకు నోరు తెరిచింది.

గప్పీ సరిగ్గా డబ్బా మూతి కిందికి వెళ్ళింది.

“ఇరవై కాదు. పదిహేనో తేదీలోగా జవాబు చెప్పు. పదహారున అడగడానికి మేముండం.”